చింతగింజంత వెలుగు

అమ్మ పాదాలకు నీ కొడుకు తిర్తో నమస్కారాలు.

కోటలో అందరం కులాసా. కులాసాగా లేనివాళ్ళని, నాన్నగారు పోయాక కోటలో దిగిన కర్నల్ సుగిమన్ గారి జీపు తీసుకెళ్ళిపోతోంది కాబట్టి, మిగిలినవాళ్ళం కులాసాయే. సెమరాంగ్‌లో నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? పిల్లలకి నాట్యం ఇంకా కూర్చునే చెప్తున్నావా?

తింటున్నావా అని అడిగావు. నాన్నగారు పోయిన నూరోరోజున పెట్టిన పసుపన్నం ఇంకా అరగలేదు.

సింహాసనం ఎవరికని అడిగావు. నాన్నగారికి భార్యలే గాని పట్టపురాణి లేదు, వారసుడి పేరు చెప్పకుండానే పోయారు. ఇక మిగిలింది మన పాత ఆచారం: రాజు కావలసినవాడి మీద కలలో వెలుగు దిగాలి. ఆ వెలుగు ఎవరిదో తేల్చే కర్నల్ గారికి ఆచారమంటే మహా గౌరవం. "కలలన్నీ మూడేసి కాపీలు, ఇద్దరు సాక్షులతో సహా" అన్నారు. టైపు వచ్చిన పట్టభద్రుణ్ణి నేనొక్కణ్ణే. అలా కలల గుమాస్తానయ్యాను.

పెద్దమ్మ కొడుకు హర్యో అన్నయ్య వెలుగు కొబ్బరికాయంత. మర్నాడు రెండో అమ్మ కొడుకు బింతోరో అన్నయ్య వచ్చి, "నాది పనసకాయంత. రాసుకో" అన్నాడు.

"నిన్న కలే రాలేదన్నావు కదా అన్నయ్యా?"

"నిన్న సరిగ్గా నిద్రపట్టలేదురా, వెధవా!"

వారం తిరిగేసరికి హర్యో అన్నయ్యది దున్నపోతంత అయింది. ఇంకా పెంచితే కోట పట్టదని బతిమాలాను. చివరికి బింతోరో అన్నయ్య సగం టేకు అడవిని కర్నల్ గారి బావమరిదికి రాసిచ్చాడు. పనసకాయే గెలిచింది. హర్యో అన్నయ్య గుమ్మంలో ఇద్దరు సిపాయిలున్నారు. కాపలాకేనట. ఆయన్ని మాత్రం బయటికి రానివ్వరు.

ఇంకో ప్రశ్న ఉత్తరం అంచున సన్నగా రాశావు: 'నీకేమైనా కల వచ్చిందా, నాన్నా?'

వచ్చిందమ్మా.

మధ్యాహ్నం, వాన. నువ్వు నాట్యం చేసిన గదిలో చాప మీద పడుకున్నాను. పన్నెండేళ్ళ కిందట నిన్ను పంపేసిన వంటింటి గుమ్మంలోంచే వెలుగు వచ్చింది. చింతగింజంత. నీ అడుగులాగే తొందర లేకుండా స్తంభం చుట్టూ తిరిగి, నా నెత్తిన కూర్చుంది. మెలకువొచ్చాక కూడా గదిలో నీ మల్లెల వాసన.

నాన్నగారికి గొడుగు పట్టిన ముసలి సాస్త్రోకి నవ్వుతాలుగా చెప్పాను. ఆయన గొడుగు కింద పెట్టి చేతులు జోడించాడు.

"ఎంత ఉంది, చిన్నదొరా?"

"చింతగింజంత."

"మీ నాన్నగారికీ అంతే. నాకొక్కడికే చెప్పారు. పెద్దపెద్దవన్నీ అబద్ధాలాడేవాళ్ళకే వస్తాయి దొరా."

కింద పెట్టిన గొడుగు తీసి ఆయన చేతిలో పెట్టాను.

మర్నాడే కర్నల్ గారు అడిగారు: "నువ్వూ రాజు కొడుకువేగా. నీకేం రాలేదా?"

టైపు మిషన్లో తెల్లకాగితం ఉంది. కల వచ్చిందంటే, నువ్వు ఇన్నేళ్ళూ కోరుకున్నట్టు పెద్దద్వారంలోంచి బంగారు గొడుగు కింద నడిచి వస్తావు. లేదా, నా గుమ్మంలోనూ ఇద్దరు సిపాయిలు.

"నాకు నిద్రే పట్టదు కర్నల్ గారూ" అన్నాను.

ఆయన పకపకా నవ్వారు. సింహాసనం నాకొద్దనే కాగితం నేనే టైపు చేసుకున్నాను. మూడు కాపీలు, ఒక్క తప్పు లేదు.

క్షమించమ్మా. నిన్ను పెద్దద్వారంలోంచి తేలేకపోయాను, నేనే వంటింటి గుమ్మంలోంచి నీ దగ్గరికి వస్తున్నాను. గురువారం సాయంత్రం బస్సుకి దిగుతాను. ఆ వెలుగుని మాత్రం ఎవరూ సంతకం అడగలేదు. ఇదుగో, మిషను అంచున కూర్చుని తనూ వస్తానంటోంది. ఆ పూట వాకిట్లో దీపం పెట్టకు. చిన్నది కదా, కనబడదు.

ఇట్లు,
రాజు కాని నీ కొడుకు
తిర్తో