అర లీటరు పాలు

అమ్మణ్ణీ,

హాస్టల్లో నువ్వు సరిగా తినడం లేదని తిరుపతి నుంచి వచ్చిన మునెమ్మ చెప్పింది. చెల్లెలు మంగ కర్మనాడు పదిమందిలో నేనన్న మాటే నీ గొంతుకు అడ్డం పడిందని నాకు తెలుసు. "నువ్వు పంపిన చాక్లెట్టు పొడి తినే నా బిడ్డ పాయె" అన్నాను గదా.

నిన్న ఆ పొడి ఖాళీ అట్టపెట్టె మీది ఇంగ్లీషును వసంతమ్మ టీచరమ్మ చేత చదివించాను. "దీంట్లో విషమేమీ లేదక్కా. చక్కెర, మొక్కజొన్న పిండి, రవ్వంత కోకో, అంతే. బలమంతా పాలల్లోనే ఉండాది. అర లీటరు పాలల్లో ఉడికించమని రాసుండారు సూడు. నువ్వెన్ని పోసినావు?" అనడిగింది.

తల వంచుకొని వచ్చేశాను.

పాలు పొయ్యలేదమ్మా. మన ఎనుము పాలన్నీ పాలకేంద్రానికి పోసి, పొడిని నీళ్లలో ఉడికించి పెట్టాను. పెట్టె మీద బొమ్మ చూసి, బలం పొడిలోనే ఉంటుందిలే అనుకున్నాను. జ్వరంతో లేవలేని మంగ "అక్క పంపింది, బాగుండాది మా" అంటూ గిన్నె నాకింది. పాలు పోస్తున్నావా అని నువ్వు రాస్తే, పోస్తున్నానని అబద్ధం రాశాను.

జ్వరం ముదిరే బిడ్డ పోయిందని డాక్టరు అన్నాడు. అయినా నా తప్పు కప్పుకోవడానికి నిన్ను అన్నాను. నీ ముఖం చూడాలంటే సిగ్గుగా ఉంది తల్లీ.

ఇప్పుడు కేంద్రానికి సగం పాలే పోస్తున్నాను. మునెమ్మ చేతికి పెరుగు ఇచ్చి పంపుతున్నాను. నా మీద కోపం ఉంటే ఉండనీ. అన్నం మాత్రం మానొద్దు. కడుపునిండా తిను.