ఎవరూ ముట్టని ఆపిల్ క్రిస్ప్

నోవా స్కోషియా,
అక్టోబరు, థ్యాంక్స్‌గివింగ్ పండగ వెళ్ళిన మరుసటి వారం, మంగళవారం

నా బంగారుకొండ గార్త్‌కి,

నీ ఉత్తరం అందింది. అక్కడ నిన్ను వంటింటి పనిలో వేశారని చదివితే నవ్వాగలేదురా నాకు. ఇక్కడున్నన్నాళ్ళూ గుడ్డు ఉడకబెట్టమంటే గిన్నె మాడ్చినవాడివి, ఇప్పుడు అంతమందికి వండి పెడతావా! వాళ్ళ కడుపుల్ని దేవుడే కాపాడాలి. ఆపిల్ క్రిస్ప్ ఎలా చేస్తావమ్మా అని అడిగావు. నా చేతిది తిని పెరిగావే తప్ప, పక్కన నిలబడి ఒక్కనాడైనా చూశావా? సరే, చెబుతాను, విను.

ఆపిల్స్ ఒక్క రకమే వేయకు. గ్రావెన్‌స్టైన్ పళ్ళ రుచి సెప్టెంబరుతో సరి, ఇప్పుడు వేస్తే గుజ్జయిపోతాయి. చలి ముదిరాక కోసే నార్తర్న్ స్పై సగం, కార్ట్‌లాండ్ సగం వేస్తే ఒకటి గట్టిగా నిలబడుతుంది, ఇంకొకటి రసం ఇస్తుంది. అక్కడ నీకు ఏవి దొరికితే అవే గతి అనుకో, అప్పుడు కాస్త నిమ్మరసం పిండు. చెక్కు తీసి, మరీ పల్చగా కాకుండా తరిగి, వెన్న రాసిన ట్రేలో పరుచు. పైపిండికి ఓట్స్, మైదా, బ్రౌన్ షుగర్, దాల్చినచెక్క పొడి, చిటికెడు ఉప్పు. అసలు సంగతి వెన్నలో ఉంది. చల్లగా, గట్టిగా ఉండాలి. ముక్కలు చేసి పిండిలో వేసి వేళ్ళ కొసలతో నలపాలి. అరచేయి తగలనిచ్చావో, ఆ వేడికి వెన్న కరిగి అంతా ముద్దవుతుంది. మీ ఫ్రీడా పిన్ని చేసే తప్పు అదే. నలభై ఏళ్ళుగా చెబుతున్నా, వినదు. ఆ పిండిని పళ్ళ మీద వదులుగా చల్లు, అదమకు. అంచుల్లో రసం కుతకుతమనేదాకా ఓవెన్లో ఉంచు. పైన కరకరలాడాలి, కింద మెత్తగా ఉండాలి. అంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

నువ్వు ఇంకోటి కూడా అడిగావు. చర్చి హాల్లో ఊరంతా కలిసి తినే పండగ సప్పర్ ఎలా జరిగింది, నీ క్రిస్ప్ ఎప్పటిలాగే ముందు అయిపోయిందా అని. అబద్ధం రాద్దామని రెండుసార్లు మొదలుపెట్టి చించేశాను. నిజమే రాస్తాను.

ఫ్రీడా ఫోను చేసింది. "ఏమే మావిస్, ఈసారీ నీ క్రిస్ప్ తెస్తున్నావుగా? నువ్వు తేకపోతే నేనే చేస్తా మరి, ఆ తర్వాత మీ ఇష్టం" అంది. నవ్వించడానికే అంది పాపం. దాంతో నాకు ధైర్యం వచ్చింది. పొద్దున్నే లేచి పెద్ద ట్రే నిండా చేసి, వేడివేడిగా తువ్వాలు చుట్టి తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. దాని పక్కన ఫ్రీడా ముద్దపిండి క్రిస్ప్, అటు గుమ్మడికాయ పైలు, ఇటు అల్లం కేకు. అందరూ నన్ను పలకరించారు. "బాగున్నావా మావిస్", "చలి మొదలైంది కదా మావిస్". ఫ్రీడా క్రిస్ప్ కూడా ఖాళీ అయింది. దాన్ని కూడా తిన్నారురా! నాది మాత్రం తెచ్చింది తెచ్చినట్టే ఉంది. ఒక్కరూ చెంచా పెట్టలేదు. ఎడ్నా అత్త బల్ల చివర కూర్చుని ఉంది, నా వైపు చూడలేదు. చివర్లో ఎవరి గిన్నెలు వాళ్ళు కడుక్కుంటుంటే, నేను నిండు ట్రేని మళ్ళీ తువ్వాల్లో చుట్టుకుని ఇంటికొచ్చాను. కడగడానికి నాకేమీ లేదు.

ఇప్పటిదాకా నేను కాగితం మీద పెట్టని మాట ఒకటుంది, ఇవాళ పెడతాను. పోయిన శరదృతువులో నువ్వు బీర్లు తాగి ట్రక్కు తోలుతూ, పొద్దుగూకే వేళ ఆఖరి లోడు ఆపిల్స్‌తో ఇంటికొస్తున్న క్లైడ్ మామ ట్రాక్టర్‌ని గుద్దేశావు. ఆయన ఆ రోడ్డు పక్కనే పోయాడు. మన లోయలో ఒక ఇంట్లో చావు జరిగితే ఆ ఇంట పొయ్యి వెలిగించనివ్వరు, చుట్టుపక్కలవాళ్ళే గిన్నెల్లో వండి తెస్తారు, తెలుసుగా. మీ నాన్న పోయినప్పుడు అందరికంటే ముందు గిన్నె పట్టుకుని వచ్చింది క్లైడ్ భార్య ఎడ్నాయే. క్లైడ్ పోయిన మర్నాడు నేనూ క్రిస్ప్ చేశాను, చేతులు వాటంతటవే చేశాయి. పట్టుకుని వాళ్ళింటి దారి మొదటిదాకా వెళ్ళాను. చంపినవాడి తల్లి తెచ్చింది ఎవరు తింటారు అనుకుని వెనక్కి వచ్చాను. ఆ తర్వాత నువ్వు జైలుకి వెళ్ళావు. కొడుకు చచ్చిపోతే గిన్నెలు వస్తాయి గార్త్. కొడుకు జైలుకెళితే ఎవరూ ఏమీ తీసుకురారు. వాళ్ళ తప్పు కాదు, దానికి ఏం వండి తేవాలో ఎవరికీ తెలియదు.

అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. ఇల్లు అమ్మేస్తున్నాను. మాంక్టన్‌లో మీ థెల్మా పెద్దమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను. ముంగిట బోర్డు పాతించేశాను కూడా. నువ్వు విడుదలయ్యాక అక్కడికే రావచ్చు. ఇక్కడ నీకూ నాకూ తల ఎత్తుకుని తిరిగే చోటు లేదు. కోప్పడకు.

నీ అమ్మ,
మావిస్


నవంబరు మొదటి వారం, వాన

నాన్నా గార్త్,

ఇల్లు అమ్మొద్దని ఒక్క ముక్క రాయలేదేం నువ్వు? "నీ ఇష్టం అమ్మా" అని రాసి ఊరుకున్నావు. సరే, అది అలా ఉంచు. అంతకంటే పెద్ద సంగతి జరిగింది.

నిన్న మధ్యాహ్నం ఎవరో ముందు తలుపు కొట్టారు. మన ఊళ్ళో అయినవాళ్ళంతా వెనక తలుపునే వస్తారు, ముందు తలుపు ఎవరు కొడతారురా? మీ నాన్న శవపేటిక వెళ్ళిన రోజున తెరిచాం, మళ్ళీ పోలీసులు వచ్చిన రోజున తెరిచాం. చేతిలో పని వదిలేసి వెళ్ళాను. వానకి ఉబ్బి తలుపు రాదే! "వెనక నుంచి రండి!" అని అరిచాను. "వెనక నుంచి వచ్చేంత చనువు ఇంకా ఉందో లేదో తెలియక ఇటొచ్చాను, తియ్యవే!" అని బయటనుంచి అంతకంటే గట్టిగా కేక. ఎడ్నా! నేను లోపలినుంచి లాగుతుంటే ఆవిడ బయటనుంచి భుజంతో నెట్టింది. తలుపుతోపాటు మనిషి కూడా లోపలికి వచ్చి పడబోయింది.

తడిసిన కోటు విప్పకుండానే వంటింట్లో కూర్చుంది. చాలా చిక్కిపోయింది గార్త్, ఆ మణికట్లు చూడలేకపోయాను. "ఆ బోర్డు ఏమిటి?" అంది. "కనబడ్డం లేదా, అమ్మేస్తున్నాను" అన్నాను. "ఆ క్రిస్ప్ ఎవరూ ముట్టలేదనేగా?" అంది.

"తిక్కదానా" అంది. "నిన్ను వెలివేశారనుకున్నావా? వాళ్ళందరూ నా చేతికేసి చూస్తూ కూర్చున్నారే. నేను చెంచా పెడితే వాళ్ళూ పెడతారు. నాకంటే ముందు పెట్టుకుంటే నేను బాధపడతానని ఒక్కరూ కదల్లేదు. మన జనం సంగతి నీకు తెలీదూ? మర్యాదతోనే చంపుతారు. నేను పెట్టానా, 'ఎడ్నా మరిచిపోయింది, క్షమించేసింది' అని మర్నాటికి లోయంతా చెప్పుకుంటారు. నేను క్షమించలేదు మావిస్. ఆ మాట నీ మొహం మీదే చెబుతున్నా. నీ కొడుకుని క్షమించలేదు. కానీ నీ ట్రే ఎత్తుకుని నువ్వు వెళ్ళిపోతుంటే చూశాను. ఇంటికెళ్ళి ఏడ్చాను."

అది విని నేనూ ఏడ్చాను, దాచడం ఎందుకు? తర్వాత మొహం కడుక్కుని, పొద్దున చేసిన క్రిస్ప్ ఉంటే గిన్నెలో పెట్టి ముందుంచాను. చెంచా తీసుకుంది. నోటిదాకా తీసుకెళ్ళి దింపేసింది. "ముద్ద దిగదే" అంది. "ఆరోజు సాయంత్రం బంగాళదుంపలు, మాంసం వండి ఆయన కోసం కూర్చున్నా. అంతా చల్లారిపోయింది. మళ్ళీ వేడి చేశా, మళ్ళీ చల్లారింది. ఎక్కడో ఎవరితోనో కబుర్లలో పడ్డాడని తిట్టుకుంటూ కూర్చున్నానే, మావిస్! ఆయన పోయిన తర్వాత కూడా తిడుతూనే ఉన్నాను, నాకు తెలియదు కదా. అప్పట్నించీ చీకటి పడితే నాకు ఏదీ మింగుడు పడదు. పొద్దున ఇంత రొట్టె తింటా, అంతే."

అప్పుడు అసలు వచ్చిన పని చెప్పింది. అంబులెన్సు వచ్చేదాకా నువ్వే క్లైడ్ మామ పక్కన కూర్చున్నావట కదా. కోర్టులో నువ్వు తప్పు ఒప్పేసుకున్నావు గనక నిన్నెవరూ ఏమీ అడగలేదు. లాయరు మనల్ని ఆ ఇంటితో ఒక్క మాట మాట్లాడొద్దన్నాడు. మనం నోరు మూసుకున్నాం. "ఆయన ఏమైనా అన్నాడా? నొప్పితో అరిచాడా? ఏదైనా సరే, నాకు తెలియాలి" అంది. "నీకు కాదు, వాణ్ణి నాకే రాయమను. క్షమించమని మాత్రం రాయొద్దను. ఆ మాట రాశాడంటే చించేస్తా. చూసింది రాయమను, విన్నది రాయమను."

రాయి నాన్నా. ఎంత కష్టమైనా రాయి. ఆవిడ నొచ్చుకుంటుందని ఏదీ తగ్గించకు, బాగుంటుందని ఏదీ కలపకు. నాకు చూపించనక్కర్లేదు.

నీ జవాబు కోసం ఆవిడకంటే ఎక్కువ భయపడుతున్న
అమ్మ


నవంబరు చివర, మొదటి మంచు పడిన రోజు

గార్త్ నాన్నా,

నువ్వు రాసిన ఉత్తరం ఎడ్నా అత్తకి అందింది. ఒక్కతే తెరవలేక, కవరు పట్టుకుని చీకటి పడేవేళకి మన ఇంటికి వచ్చింది. నేను అప్పుడే పిండి నలుపుతున్నాను. చేతులు కడుక్కోబోతే "నీ పని నువ్వు కానీ, నా మొహంలోకి చూడకు" అంది. నేను వీపు తిప్పి నిలబడి నలుపుతూనే ఉన్నాను. కాగితం చప్పుడు వినబడింది. ట్రే ఓవెన్లో పెట్టాను. ఇంకా తిరగలేదు.

"మావిస్, ఇది చదువు" అంది చివరికి. వద్దన్నా చేతిలో పెట్టింది. అందుకే చదివాను, నా మీద కోపం తెచ్చుకోకు. కాలవ పక్క గడ్డిలో నీ కోటు ఆయన తల కింద పెట్టావని చదివాను. ఆయన నిన్ను గుర్తుపట్టి "గార్త్, నీకు దెబ్బలు తగిలాయా?" అని అడిగాడని చదివాను. ఆ తర్వాత ఆయన అన్న మాట. "ఎడ్నా వండి కూర్చుని ఉంటుంది. నాకోసం చూడొద్దని చెప్పు. దాన్ని తినేయమను." నువ్వు చెబుతానన్నావు. అంతే, మళ్ళీ ఆయన మాట్లాడలేదు.

ఓవెన్లోంచి వాసన వస్తోంది. ఎడ్నా ఒక్కసారిగా బల్ల మీద గుద్దింది. గిన్నెలు ఎగిరిపడ్డాయి. "ఒక్క మాట! ఒక్క మాట చెప్పడానికి వాడికి ఏడాది కావాల్సొచ్చిందా? ఏ లాయరు చెబితే మాత్రం! దారిన పోయేవాడి చేత చెప్పించలేకపోయాడా? ఆయన చెప్పి పంపాడే, మావిస్! నన్ను ఆకలితో కూర్చోబెట్టలేదు, చెప్పి పంపాడు!" నిన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, అక్కడ ఉత్తరాలు చదివే ఆఫీసరు దడుచుకుంటాడు. నేను నీ తరఫున ఒక్క ముక్క మాట్లాడలేదు గార్త్. నీ తరఫున మాట్లాడటానికి ఏముంది?

తిట్టి తిట్టి అలిసిపోయింది. కిటికీ బయట పూర్తిగా చీకటి పడింది, మంచు రాలుతోంది. చీకటి పడితే ముద్ద దిగదన్న మనిషి, ఇంకా కూర్చునే ఉంది. "అది అయిందా?" అంది ఓవెన్ వైపు చూసి. "అయింది, ఇంకా కాలుతుంది" అన్నాను. "పెట్టు" అంది. పెట్టాను. ఊదుకుంటూ ఒక చెంచా తింది. మింగింది. ఇంకో చెంచా తింది. నేను ప్రతి చెంచా చూస్తుంటే "అలా చూడకే, నువ్వు కూడా ఆ సప్పర్ వాళ్ళలా తయారయ్యావు" అని కసిరింది. గిన్నె గీకి గీకి తిని, "ఇంకాస్త" అని నా ముందుకి తోసింది. నేను గిన్నె నిండా వడ్డించాను.

వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి అడిగింది. "నువ్వు మాంక్టన్ వెళ్ళిపోతే, వాడు బయటికొచ్చాక ఎక్కడికి వస్తాడు?"

"అక్కడికే" అన్నాను.

"అక్కడికెందుకు? వాడు మాటిచ్చింది ఇక్కడ. వాణ్ణి ఇంకో ఉత్తరం రాయొద్దను. నా గుమ్మంలో నిలబడి ఆ మాట తన నోటితో చెప్పమను. ఆయన చెప్పమన్నది వాణ్ణి, పోస్టుమాన్‌ని కాదు" అంది. క్షమిస్తానని అనలేదు. అంటుందని ఆశ కూడా పెట్టుకోకు.

ఇవాళ పొద్దున్నే బోర్డు పీకించేశాను. థెల్మా ఫోనులో నానా మాటలూ అంది, అననీ. ఎడ్నా రేపు సాయంత్రం భోజనానికి వస్తానంది. నువ్వు ఎన్నాళ్ళకి వచ్చినా నీ మంచం ఇక్కడే ఉంటుంది. బస్సు దిగాక ముందు నా దగ్గరికి రాకు నాన్నా. ముందు వాళ్ళింటికి వెళ్ళు.

నీ కోసం ఇక్కడే ఉండే
అమ్మ, మావిస్