చింతపండుతో తోమిన కాసు

నాయనా,

నిన్న నీ సంవత్సరీకం జరిగింది. ఈరోజు పొద్దున నీ స్నేహితుడు కోడంబాక్కం మామ వచ్చాడు. నాణేల ప్రదర్శనలో పెట్టడానికి నువ్విస్తానని మాటిచ్చిన పుదుక్కోట్టై సంస్థానం రాగికాసు కోసం.

నీ పెట్టె తెరిచాను. ఒకవైపు అమ్మవారు, రెండోవైపు తెలుగులో ‘విజయ’ అని ఉండే ఆ కాసు నల్లగా ఉండాలి కదా. కొత్త చెంబులా మెరుస్తోంది. నిన్న తద్దినానికి రాగిసామాను తోముతూ అమ్మ దాన్ని కూడా చింతపండు పెట్టి తోమేసింది. ఆ నలుపే దాని వయసని నువ్వు ఎన్నిసార్లు చెప్పావో. ఎవరైనా తడిచేత్తో ముట్టుకుంటే మన వాషర్‌మెన్‌పేట్ వీధి చివరిదాకా వినబడేలా అరిచేవాడివి.

మామ భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. అమ్మ కొంగు పిడికిట్లో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

“ఎవరు తోమినారు దీన్ని?”

“నేనే మామా. తెలీక చేసినా,” అన్నాను.

ఆయన నా ముఖం చూశాడు, తర్వాత అమ్మ ముఖం చూశాడు. “నలుపంతా పోయిందిమా. ఇంక దీన్ని ఆడ పెట్టేదానికి కాదు. ఇంట్లోనే ఉండనీ,” అని కాసు నా చేతికిచ్చి, కాఫీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. “ముప్పై ఏండ్లుగా చూస్తా ఉండావు గదమ్మా, తోమగూడదని తెలీదా నీకు?” అన్నాను.

అమ్మ కాసును పెట్టెలో పెట్టి మూత వేసింది.

“తెలుసు పాపా. తోమినాక కాసేపు ఆడనే కూర్చున్నా, మీ నాయన అరస్తాడేమోనని ఎదురుచూస్తా.”