నర్సింలు బాణీలు, నా చేతిరాత

ఆదివారం

"మద్రాసు పోతే ఇద్దరం పోదాం, లేకుంటే లేదు" అని నర్సింలు నాకు మాట ఇచ్చాడు. అప్పుడు మేము బోధన్‌లో పెళ్ళి బ్యాండు వాయించేవాళ్ళం. బాణీ కట్టేది వాడు, స్వరాలు కాగితం మీద పెట్టేది నేను. చివరికి ఒక్కడే పోయి పెద్ద సంగీత దర్శకుడయ్యాడు. యాభై ఏళ్ళుగా వాణ్ణి తిట్టుకుంటూనే ఉన్నాను.

ఈరోజు నిజామాబాద్‌లో వాడికి సన్మానం. కుడిచేత్తో తాళం పట్టి, ఎడమచేత్తో వయొలిన్లను లేపుతూ ఆర్కెస్ట్రా నడిపించాడు. బాగా నడిపించాడు, కాదనను. అయిపోయాక నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకున్నాడు.

"మద్రాసు పోయేనాడు బస్టాండ్ల రెండు బస్సులు ఇడిసిపెట్టిన నీకోసం. మీ అన్న సైకిల్ మీద వచ్చి, తమ్ముడు రాడట, చెరుకు కొట్టుడుంది అన్నడు."

"నువ్వు ముందురోజే ఎల్లిపోయినవని నాకు చెప్పిండు. ఎట్ల నమ్మినవ్‌రా?"

"మీ అన్న మాట నమ్మకుంటే ఇంకెవరిది నమ్మాలె?"

అన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఏడు చేలో ఆయనకు మనిషి కావాలి, అబద్ధానికి ఒక అవసరమైనా ఉంది. నేనూ ఒక్క ఉత్తరం రాసి అడగలేదు. అభిమానం అడ్డొచ్చింది. అది నా తప్పే.

కానీ వెనక వరుసలో ఒక్క వయొలిన్ శ్రుతి తప్పినా పట్టేస్తాడని పేరున్నవాడు. మా అన్న గొంతులో అబద్ధం వాడికి వినపడలేదా? లేక ఒక్కడే పోవడం వాడికీ నయమనిపించిందా? బోధన్ నుంచి మా ఊరు ఎడపల్లి ఎంత దూరమని, వచ్చి ఒక్క మాట అడగడానికి?

చచ్చిపోయిన అన్నను ఏమీ అనను. నేను తప్పుపట్టేది ఇప్పటికీ నర్సింలునే.