అమ్మ విన్న వైఫై పాఠం

మూలారెస్ నుంచి,
ఆదివారం.

తమ్ముడు నిజార్‌కి,

సలాం చెప్పి అక్క సల్హా రాసేది ఏమంటే, నేను బాగున్నాను. కోళ్లు బాగున్నాయి. పక్కింటి రిబ్హా పెద్దమ్మకి మోకాళ్లు తప్ప మిగతా అంతా బాగుంది, నాలుక అయితే మరీ బాగుంది. అల్లా దయవల్ల నీకు దగ్గు తగ్గిందని, రాత్రిళ్లు కప్పుకోవడానికి నేను పంపిన దుప్పటి నీదాకా వచ్చిందని తలుస్తాను.

జైల్లో నీకంటే ముందు ఈ ఉత్తరం చదివే అయ్యకి కూడా సలాం. అయ్యా, పోయినసారి మావాడు డ్రైవర్ అని రాసిన చోటల్లా నల్లసిరా పూశారు. ఎవరి డ్రైవరో, ఏ బండో అనుకున్నారు కాబోలు. కంప్యూటర్‌లో ఒక్కో భాగాన్ని నడిపించే చిన్న ప్రోగ్రామ్‌ని డ్రైవర్ అంటారు. వాటన్నిటికీ పెద్ద దిక్కుగా ఉండేదాన్ని కెర్నల్ అంటారు. ఇవి మావాడి వృత్తి మాటలే, వీటిలో కుట్ర లేదు. ఈసారి చెరపకండి. ఈ ఉత్తరం వాడికి పూర్తిగా అందాలి.

నిజార్, నువ్వు మూడు సంగతులు అడిగావు. వరసగా చెబుతాను.

మొదటిది రొట్టె. కుఫ్ఫా బుట్టలో వచ్చే రొట్టెకి ఈమధ్య ఉప్పెక్కువైందనీ, అంచులు మాడుతున్నాయనీ, అమ్మ చెయ్యి ఎందుకు తప్పుతోందనీ అడిగావు. నీ నాలుకకి ఒక దండం. నేను ప్రతి మంగళవారం ఆ బుట్ట ఒళ్లో పెట్టుకుని లువాజ్ బండిలో ఇరుక్కుని వస్తానా, గేటు దగ్గరివాళ్లు రొట్టెని చీల్చి చీల్చి లోపల ఏముందో వెతుకుతారా, నీదాకా వచ్చేసరికి అది రొట్టెలాగే ఉండదు. అయినా ఉప్పు పట్టేశావు. ఆ సంగతి చివర్లో చెబుతాను, తొందరపెట్టకు.

రెండోది షాపు. నువ్వు రైలు ఆపడానికి పట్టాల మీద కూర్చున్న రోజు పోలీసులు పట్టుకెళ్లిన కంప్యూటర్లు ఇంతవరకూ తిరిగి రాలేదు. అడగడానికి వెళితే రేపు రమ్మంటారు. షాపులో ఇప్పుడు ఒక బల్ల, నాలుగు స్క్రూడ్రైవర్లు, నీ దోస్తు నవ్ఫల్ మిగిలారు. ఫోన్లకి అద్దాలు మార్చుకుంటూ పొట్ట పోసుకుంటున్నాడు. నీ కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వడు. నేను ఒకసారి నేను కుట్టిన స్కూలు పిల్లల గౌన్ల మూట దాని మీద పెట్టబోతే కసిరాడు.

మూడోది రాయడానికి మధ్యలో లేచి వెళ్లి కోళ్లకి గింజలు వేసి వచ్చాను. మళ్లీ కూర్చున్నాను.

నువ్వు ఇలా రాశావు: "అక్కా, ఆ రోజు తెర ముందు నేను కూర్చునే ఉన్నాను. ఇచ్చిన సమయం అంతా అది నల్లగానే ఉంది. కోర్టు వరండాలో అన్న మాట మీదే అమ్మ నిలబడిందా? నా మొహం చూడనందా? నిజం చెప్పు."

నిజం చెబుతాను. కోర్టు వరండాలో అమ్మ "నా పాలు తాగినవాడివి, రైలుకి అడ్డం కూర్చుంటావా, ఇక నీ మొహం నాకు చూపించకు" అన్న మాట వాస్తవం. ఆ కోపం ఇంటికి వచ్చి చెప్పులు విప్పేదాకా కూడా నిలవలేదు. నీ కంచం తీసి కడిగింది, తుడిచింది, మళ్లీ కడిగింది. జైలు గుమ్మం తొక్కనని పైకి అంటూ వచ్చింది గానీ, అసలు కారణం ఊపిరి. మంచం దిగితే ఆయాసం. చక్కెర జబ్బుతో చూపు కూడా పోయింది, వెలుగూ నీడా తప్ప ఏమీ తెలిసేది కాదు. అంత జబ్బుగా ఉందనే కదా మీ జైలువాళ్లు ఆ ఒక్కసారికి వీడియోలో మాట్లాడుకోవడానికి అనుమతి ఇచ్చింది.

ఆ రోజు పొద్దున్నే తలంటి పోయించుకుంది. పెళ్లిళ్లకి కట్టే తలగుడ్డ తీయమంది. కాటుక పెట్టమంది. కళ్లు కనపడని మనిషికి కాటుక ఎందుకమ్మా అన్నాను.

"నాకు వాడు కనపడకపోతే ఏం, వాడికి నేను కనపడతాను కదే" అంది.

నీ మొహం చూడనన్న మనిషి చేసే పనులా ఇవి?

తప్పు నాది, నిజార్. అమ్మది కాదు.

మీవాళ్లు పంపిన లింకు ఫోన్‌లో తెరుచుకోదు, కంప్యూటర్ కావాల్సిందే. నీ పాత లాప్‌టాప్ తీసి పొద్దున్నే నొక్కి చూశాను. బ్రౌజర్ పాతది, పనికిరాదంది. నవ్ఫల్‌కి ఫోన్ చేశాను. అప్‌డేట్ చేసెయ్ అన్నాడు. చోటు లేదంటోంది అన్నాను. పాతవేవో అడుగుతుంది, తీసెయ్యమను అన్నాడు. వాడి మనసులో ఉన్నది బ్రౌజర్ ఒక్కటే. నేను అడిగినదానికల్లా సరే, సరే అని నొక్కుకుంటూ పోయాను. నువ్వు ఎన్నిసార్లు మొత్తుకున్నావు, ఈ పెట్టెలో వైఫై కార్డు మొండిది, దాని డ్రైవర్ నేను చేత్తో కట్టాను, నన్ను అడక్కుండా కెర్నల్ మార్చొద్దు అని. అది ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలాను. కొత్త కెర్నల్ ఎక్కింది. చోటు కోసం పాతది నా చేత్తోనే తీసేయించాను. మళ్లీ వెలిగేసరికి వైఫై గుర్తే లేదు. అసలు అలాంటి కార్డు ఒకటి ఉన్నట్టే ఎరగదు ఆ కంప్యూటర్.

నవ్ఫల్ మోపెడ్ మీద పరిగెత్తుకొచ్చాడు. పాత కెర్నల్‌తో మొదలుపెడదాం అన్నాడు. అది ఉంటే కదా! నీ డ్రైవర్ ఫోల్డర్ దొరికింది, దాన్ని కొత్త కెర్నల్‌కి కట్టబోతే తెర నిండా తప్పులే. దీనికి కొత్త డ్రైవర్ కావాలి, దించుకోవడానికి నెట్ కావాలి, నెట్ రావడానికి డ్రైవర్ కావాలి అని తల పట్టుకున్నాడు. రిబ్హా పెద్దమ్మ ఇంటి నెట్ గోడ దాటి గాల్లో వస్తుంది గానీ తీగ రాదు. ఫోన్ సిగ్నల్ సంగతి నీకు తెలిసిందే, కొండ కింద ఇల్లు, మాటకి అందుతుంది గానీ నెట్‌కి చాలదు. ఇంకో కంప్యూటర్ తెద్దామంటే షాపువన్నీ పోలీసుల దగ్గరే ఉన్నాయి.

అవతలి గదిలోంచి అమ్మ అడుగుతూనే ఉంది, వచ్చాడా, వచ్చాడా అని. వస్తాడమ్మా, తీగ సరిచేస్తున్నాం అన్నాను. నువ్వు అక్కడ నల్లతెర చూస్తున్నావు. నేను ఇక్కడ తెర మీది తెల్ల అక్షరాలు చూస్తున్నాను. గడియారం వైపు చూడటం మానేశాను. కాసేపటికి నవ్ఫల్ మెల్లగా "అయిపోయింది సల్హా, వాళ్లిచ్చిన సమయం దాటింది" అన్నాడు. ఏడవడానికి కూడా లేదు, అమ్మ వింటుంది.

అయినా వాడు వదల్లేదు. మళ్లీ అడిగితే ఇస్తారేమో, ఈలోగా బాగుచేద్దాం అని నీ ఫోల్డర్లన్నీ తిరగేశాడు. షాపుకి వచ్చేవాళ్ల కోసం నువ్వు ఇంట్లో కూర్చుని తీసిన వీడియోల్లో ఒకటి దొరికింది. కెర్నల్ మారాక వైఫై పోతే ఏం చెయ్యాలి అన్నది. నొక్కాడు. చప్పుడు పెద్దగా పెట్టి ఉంది. ఇల్లంతా నీ గొంతు.

"అస్సలాము అలైకుం. ముందుగా కంగారు పడకండి. ఇది అందరికీ జరిగేదే."

అవతల మంచం కిర్రుమంది. "వచ్చాడు" అంది అమ్మ. ఈసారి అడగలేదు.

నవ్ఫల్ ఆపబోయాడు. వాడి చెయ్యి పట్టుకుని ఆపింది నేనే. లాప్‌టాప్ తీసుకెళ్లి అమ్మ దిండు పక్కన పెట్టి, "వచ్చాడమ్మా" అన్నాను. ఇది పాత వీడియో అని చెప్పొచ్చు. చెప్పలేదు. ఇందుకు నువ్వు నన్ను తిడతావో, క్షమిస్తావో నీ ఇష్టం.

నువ్వేమో కార్డు కనపడుతోందో లేదో ముందు చూడండి, డ్రైవర్ ఎక్కిందో లేదో తర్వాత చూడండి అని ఒకటే చెప్పుకుపోతున్నావు. అమ్మ తల ఇటు తిప్పి వింటోంది. మొహం మీద ఆ తెర వెలుగు పడింది. సలాం చెప్పింది, దగ్గు ఎలా ఉందని అడిగింది. నువ్వు ఆగకుండా డ్రైవర్ గురించే చెబుతున్నావు. ఇప్పుడు తెలిసిపోతుంది అనుకున్నాను.

అమ్మ నవ్వింది. "చూశావా వీడు, అక్కడ కూడా అదే గోల. అన్నం దగ్గర కూర్చున్నా ఇంతే, స్క్రూలు, తీగలు. పోనీలే, పని గురించి మాట్లాడుతున్నాడంటే బాగానే ఉన్నాడు" అంది.

ఇంతలో వీడియోలో నువ్వు కాసేపు ఆగావు. నీకు జ్ఞాపకం ఉండదు. ఆ రోజు వంటింట్లోంచి అమ్మ భోజనానికి పిలిచి ఉంటుంది. ఆ పిలుపు అందులో వినపడదు. నీ జవాబు మాత్రం ఉంది. తల పక్కకి తిప్పి, "వస్తున్నానమ్మా, ఒక్క నిమిషం" అన్నావు.

అమ్మ చెయ్యి చాచింది. కీబోర్డు మీద తడిమింది. "రా నాయనా. తొందరేం లేదు. రొట్టె కప్పి పెడతాను" అంది.

తర్వాత కళ్లు మూసుకుంది. చాలా రోజులకి ఆయాసం లేకుండా పడుకుంది. నువ్వు చెబుతూనే ఉన్నావు. చివర్లో ఏం చెప్పావో తెలుసా? డ్రైవర్ దించుకోవడానికి నెట్ లేకపోతే, ఫోన్‌ని వైఫైకి కలపండి, ఛార్జింగ్ తీగతో కంప్యూటర్‌కి గుచ్చండి, ఫోన్‌లోంచి నెట్ ఇటు వచ్చేస్తుంది, దానికి ఏ డ్రైవరూ వెతకక్కర్లేదు అన్నావు. రోజూ ఫోన్లు విప్పే నవ్ఫల్ గోడకి తల ఆనించి నిలబడిపోయాడు. నా ఫోన్ పొద్దుట్నుంచీ ఛార్జింగ్‌లోనే ఉంది, నిజార్. ఆ తీగ మా ఇద్దరి మధ్యే నేల మీద పడి ఉంది.

గుచ్చాం. వెంటనే నెట్ వచ్చింది. లింకు మాత్రం చెల్లదంది. మీవాళ్లకి ఫోన్ చేస్తే మళ్లీ దరఖాస్తు పెట్టుకోమన్నారు. పెట్టాను.

దానికి జవాబు రాకముందే, ఆ శుక్రవారం తెల్లవారుతుండగా అమ్మ పోయింది. ఇన్నా లిల్లాహి.

ఈ మాట అద్దం అవతల నీ ఎదురుగా కూర్చుని ఎన్ని మంగళవారాలు మింగానో. అమ్మ ఎలా ఉందని నువ్వు అడిగిన ప్రతిసారీ పడుకుంది అన్నాను. అప్పీలు తేలేదాకా చెప్పొద్దని వకీలు అన్నాడు, నేనూ సరే అన్నాను. అప్పీలు వాయిదా మీద వాయిదా పడుతోంది. నలభయ్యో రోజు దగ్గరికి వచ్చింది. ఆ రోజు ఊరంతా మన ఇంట్లో కుస్కుసీ తింటుంది. ఆ కబురు ఎవరి బుట్ట వెంటో నీ గదిలోకి వస్తుంది. పరాయి నోట నువ్వు వినకూడదు. జనాజా మోసేటప్పుడు నీ భుజం ఉండాల్సిన చోట నవ్ఫల్ భుజం పెట్టాడు. గోరీకి నీ పేరున నీళ్లు నేను పోశాను.

రొట్టె సంగతి ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఆయాసపడుతూ, తడుముకుంటూ అయినా నీ రొట్టె చివరిదాకా అమ్మే చేసేది, అమ్మ పోయినప్పట్నుంచీ చేస్తున్నది నేను. తాబూనా పొయ్యి సెగ నాకు ఇంకా చేతికి రాలేదు. అందుకే అంచులు మాడుతున్నాయి. ఉప్పు కొలత అమ్మ ఎప్పుడూ చెప్పలేదు, చేత్తో చల్లేది.

ఒక్కటే కోరుతున్నాను. అమ్మ మోసపోయి పోయిందని మనసు కష్టపెట్టుకోకు. ఆ గొంతు నీదే. ఆ వస్తున్నానన్న మాట నువ్వు అమ్మతోనే అన్నావు, కాకపోతే కాస్త ముందుగా అన్నావు. ఎన్నాళ్లకైనా, అన్న మాట ప్రకారం ఇంటికి రా. అమ్మ రొట్టె మీద కప్పే ఆ చిల్లుల గుడ్డ ఉతికి ఉంచాను, రొట్టె కప్పి పెడతాను.

ఇట్లు,
ఉప్పెక్కువ వేసే నీ అక్క,
సల్హా