గోడ మీది పత్తి మొక్క

మావా,

అన్నం దాకలో ఉంది. గేదెకు కుడితి పెట్టు. మబ్బు పడితే కళ్లంలో మిరపకాయల మీద పట్టా కప్పు.

పొయ్యి పక్క గోడ మీద బొగ్గుతో పత్తి మొక్క గీశాను, చూడు. వ్యవసాయాఫీసు వాళ్ల పొలంబడిలో మా ఆడవాళ్ల చేత ఇలాగే గీయించారు. చెడ్డ పురుగు కనబడిన చోట ఎర్ర చుక్క, మేలు చేసే పురుగుకి పచ్చ చుక్క. ఈ మొక్క నేను. చుక్కలకు బదులు అంటించిన ఎర్ర బొట్టుబిళ్లలన్నీ నీ దెబ్బలు. చిటారున ఉన్నవి తల గోడకేసి కొట్టినవి, కొమ్మల మీదివి చెయ్యి మెలిపెట్టినవి, మొదలు దగ్గరవి కాళ్ల మీద కర్రతో బాదినవి. పచ్చది ఒక్కటే. ఎండకు పడిపోతుంటే నీ తువ్వాలు నా తలకు చుట్టావే, ఆ రోజుది. దాన్ని చూసుకునే ఇన్నాళ్లూ ఉన్నాను.

బొమ్మ గీశాకే పురుగుమందు కొట్టాలో వద్దో తేల్చుకోమన్నారు. తేల్చుకున్నాను. అన్నంలో ఏమీ కలపలేదులే, తిను. పాపను తీసుకుని కనిగిరిలో అక్క దగ్గరికి పోతున్నాను. గొడ్డలి పట్టుకుని అక్కడికొచ్చావంటే ఆ చెయ్యి నేనే నరుకుతాను.

తిరపతమ్మ

మర్చిపోయాను. పక్కనున్న చిన్న మొక్క నేను గీసింది కాదు. పొద్దున లేచేసరికి ఉంది. మన పాప నాగవేణే గీసుకుంది. దాని చిటారున ఎర్ర బిళ్ల కూడా అదే అంటించుకుంది.