పోయిన పదకొండు పేర్లు

పూణె,
ఆదివారం మధ్యాహ్నం

ఎస్తేరక్కకు చెల్లె రూతు వందనాలు. ఈడ నేను మంచిగున్న. నువ్వు, బావ, పిల్లలు, అమ్మ, నాయిన అందరి పానం మంచిగుందనుకుంట. అమ్మ మోకాలు నొప్పి తగ్గిందా? ఆత్మకూరు దవాఖానల జర సూపియ్యి. ఫోన్ల చెప్తే నువ్వు మధ్యల "ఆ, సరే సరే" అని పెట్టేస్తవు, అందుకే రాస్తున్న.

ఈడ వారం సంది వాన ఇడుస్తలేదు. బట్టలు ఆరవు. అన్నం దొరుకుతది గాని పచ్చిపులుసు యాదికొస్తది. రూముల ఒక్కదాన్నే ఉంటే మనసు పట్టదు. నువ్వు పరేషాన్ గాకు, పనిల వడితే మరిచిపోత.

పని సంగతి చెప్త. మా ఆఫీసు దవాఖానల రికార్డులు సూసుకుంటది. పుట్టిన పిల్లల మడిమె నుంచి రక్తం సుక్క తీసి పరీక్ష చేస్తరు గదా, నీ ఆశా పనిల సూసినవే. ఆ రిపోర్టు ఒక డేటాబేసుల ఉంటది. తల్లి పేరు, ఫోన్ నంబరు ఇంకోదాంట్ల ఉంటయి. పిల్ల నంబరు పట్టి రెండింటిని కలిపితే, పరీక్షల తేడా వచ్చి మళ్ల పిలవాల్సినోళ్ల జాబితా వస్తది. దాన్నే జాయిన్ అంటరు. నువ్వు రెండు రిజిస్టర్లు పక్కపక్కన పెట్టుకోని సూసినట్లే.

ఆ పని నాకిచ్చిన్రు. మొదలు ఎర్రర్ వచ్చింది. ఆ నంబరు ఒకదాంట్ల అంకెగ ఉంది, ఇంకోదాంట్ల అక్షరాలుగ ఉంది, కలవవు అని. నేను అంకెను అక్షరాల కింద మార్చిన. ఎర్రర్ పోయింది. సంబురంగ జాబితా దవాఖానకు పంపిన.

మా పైన సునంద తాయి ఉంటది. తాయి అంటే ఈడ అక్క. యాభై దాటినయి. ముందు ల్యాబుల చేతితోని రిజిస్టర్ రాసేదంట, కంప్యూటర్ తర్వాత నేర్చుకుంది. తెల్లారి నా పక్కన కూసోని అడిగింది, "ఎర్రర్ పోయింది, సరే. దాంతోని మనుషులు గూడ పోయిన్రా, సూసినవా?"

"లే తాయి."

కలపకముందు ఎందరున్నరు, కలిపినంక ఎందరున్నరు, చూపించమన్నది. పదకొండు మంది తక్కువ. అప్పుడు లెఫ్ట్ జాయిన్ పెట్టించింది. అంటే, తల్లి పేరు దొరకకున్నా రిపోర్టు వరుస పోదు. పేరు ఖాళీగున్న వరుసలను వేలు పెట్టి సదివింది.

"రూతూ, అన్నిటికి ముందల సున్నా ఉంది సూడు."

అంకెగ దాసిన డేటాబేసు ఆ సున్నాలను మింగేసింది. ఒకదిక్కు 0412, ఒకదిక్కు 412. ఒక్క పిల్లనే, కంప్యూటర్‌కు ఇద్దరు. ఆ నంబర్లు ఏండ్లకేండ్లు రాసిన మనిషి గన్క ఆమె కండ్లకు ఆనింది. సున్నాలు నింపి మళ్ల కలిపితే పదకొండు పేర్లు వచ్చినయి.

పేర్లెందుకు పోయినయని మా ఆఫీసు సారు అడిగితే, "నేను సూడకుండ పంపనిచ్చిన, తప్పు నాది" అన్నది. నా పేరు ఎత్తలే. నేనే ఆగలేక "మార్చింది నేను సార్" అన్న.

దవాఖాన నర్సు ఆ పదకొండు మందికి ఫోన్ చేసి, పదిమందితోని మాట్లాడింది. ఒక తల్లికి మరాఠీ రాదు, హిందీ రాదు, ఫోన్ పెట్టేస్తుందంట. తెలుగు పేరు లెక్కుందని తాయి ఫోన్ నా చేతిలవెట్టింది.

"అమ్మా, యాడోళ్లు మీరు?"

"ఇటిక్యాల కాడ. ఈడ బిల్డింగు పనికొచ్చినం. నువ్వు మనోళ్ల పిల్లవా? మా పాపకేమైంది?"

"భయపడకు. థైరాయిడ్ తక్కువున్నట్లుంది. ఇప్పుడే మందేస్తే మంచిగ పెరుగుతది. ఇయ్యాల్నే తీస్కరా."

తాయి, నేను దవాఖాన గేటు కాడ నిలవడ్డం. మొగుడుపెండ్లాలు తడుసుకుంట వచ్చిన్రు. పాప మాత్రం కవరు కింద పొడిగుంది. మళ్ల పరీక్ష చేసి, ఆ దినమే మందు మొదలువెట్టిన్రు. టైముకే తెచ్చిన్రు అన్నది డాక్టరమ్మ. నాకు ఏడుపాగలే అక్కా.

బావ పెబ్బేరు సంతకు పోతే మంచి పల్లీలు తెమ్మను. పొడి కొట్టి పంపు, తాయికియ్యాలె. నాయినకు, అమ్మకు నా వందనాలు చెప్పు. మీ ప్రార్థనలల్ల నన్ను, ఆ పాపను తలుసుకోండ్రి.

నిన్న ఆ తల్లి ఫోన్ చేసింది, పాప పాలు మంచిగ తాగుతుందని. "నాకు కాదమ్మా, ఈమెకు చెప్పు" అని తాయికిచ్చిన. ఒకరి బాస ఒకరికి తెల్వదు. అయినా చానాసేపు మాట్లాడుకున్నరు.

ఉంట మరి,
నీ చెల్లె
రూతు